బేసి ఫారాలు జడ్జిగారివి

ఆ రోజు ఉదయం బైండింగు షాపు చిన్నకోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి ఫారాలు ఎత్తడం మొదలుపెట్టాలి. పదికల్లా మొదటి వంద కాపీలు కుట్టు మిషను దగ్గరికి చేరాలి. ఒంటిగంటకు అట్టలు వేసి, అంచులు కోసి, కట్టలు కట్టి పంపేయాలి. సాయంత్రం అయిదింటికి గ్రంథాలయం హాల్లో రిటైర్డు జడ్జిగారి పుస్తకావిష్కరణ. తక్కిన వంద కాపీలు మర్నాడిచ్చినా ఫరవాలేదన్నారు.

పుస్తకం పేరు 'గ్రంథమే సాక్ష్యం'. దేవుడు చెప్పదలచుకున్నదంతా గ్రంథంలో చెప్పేశాడనీ, అందులో ఒక్క అక్షరం కలపడానికి గానీ తీయడానికి గానీ మనిషికి అధికారం లేదనీ జడ్జిగారు నూట అరవై పేజీల తీర్పు రాశారు. ఉద్యోగంలో ఉండగా ఆయన తీర్పులు తరచు పైకోర్టుకు వెళ్ళేవి. దీనికి పైకోర్టు లేదన్న నిశ్చింత ప్రతి పేజీలోనూ కనిపిస్తుందని అచ్చాఫీసు యజమాని చెప్పాడు. బైండింగు షాపులో మాత్రం ఎవరూ చదవలేదు. చదివే బైండరు చేతిలో పని కదలదని మామగారి సిద్ధాంతం. నలభై అయిదేళ్ళలో ఆయన కొన్ని వేల పుస్తకాలు కట్టారు, ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఆ మామగారే ఇప్పుడు షాపు వదిలేద్దామనుకుంటున్నారు. ఎవరికి వదలాలన్నదే తేలలేదు. పెద్దకొడుక్కి ఆ స్థలంలో జిమ్ము పెట్టాలని ఉంది. పోయిన వారం టేపు తెచ్చి, కటింగ్ మిషను ఉన్నచోట అద్దాలు, జిగురు గిన్నెల దగ్గర బరువులు అని కొలుచుకుని మరీ వెళ్ళాడు. చిన్నకొడుకు బస్సు డ్రైవరు. అతనికి స్టీరింగు తప్ప మరొకటి పట్టలేదు. పనంతా వచ్చినది చిన్నకోడలికి. తొమ్మిదేళ్ళ క్రితం ఆ ఇంటికి వచ్చినప్పుడు ఊసుపోక మడతలు పెట్టడానికి కూర్చుంది. తర్వాత కుట్టు నేర్చుకుంది, కోత నేర్చుకుంది. ఇప్పుడు కొత్త కాగితం వాసన లేకపోతే ఆమెకు తెల్లవారినట్టే ఉండదు. షాపు పోతే తను ఏమైపోతుందో ఆమె ఊహకు కూడా అందేది కాదు. ముందురోజు రాత్రి మామగారు ఆమెను పిలిచి చెప్పారు.

"నీ చెయ్యి మంచిదే అమ్మాయ్, కాదనను. కానీ ఆర్డరు మొత్తం ఒక్కదానివే మొయ్యగలవా? జడ్జిగారి పని నీకే వదిలేస్తున్నాను. ఒక్క కాపీ వాపసు రాకుండా చేశావా, షాపు నీది. వచ్చిందా, పెద్దాడికి తాళాలు ఇచ్చేస్తాను. మళ్ళీ నన్ను అడగొద్దు."

"రాదు మామయ్యా," అంది చిన్నకోడలు.

అలా అన్నాక ఆయన ఇంట్లో కూర్చుంటే ఈ కథ లేదు. సరిగ్గా ఎనిమిదింటికి షాపుకు వచ్చి, తలుపు పక్క స్టూలు వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "నేను చూస్తూ ఉంటానంతే. దేన్నీ ముట్టుకోను," అని మాట కూడా ఇచ్చారు.

పుస్తకం కట్టడం గురించి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెడితే పదహారు పేజీలవుతుంది. అది ఒక ఫారం. ఇలాంటివి పది కలిస్తే జడ్జిగారి పుస్తకం. పొడుగాటి బల్ల మీద పది దొంతరలు వరసగా పేర్చుకుని, బల్ల వెంట నడుస్తూ ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి తీసుకుంటూ పోవడమే ఫారాలు ఎత్తడం. వరస తప్పిందేమో చూసుకోవడానికి ప్రతి ఫారం మడత మీదా అచ్చాఫీసువాళ్ళు చిన్న నల్లగీత వేస్తారు. ఒకటో ఫారానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. పదీ సరిగ్గా కలిస్తే పుస్తకం వీపు మీద గీతలు మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తాయి. ఒక మెట్టు తప్పితే పుస్తకం తప్పు. అందుకే బైండరు పేజీలు చదవడు, మెట్లు చూస్తాడు.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. బల్ల కింద, గోడవైపు, అయిదు కట్టలు పెట్టి ఉన్నాయి. అవి జడ్జిగారివి కావు, జడ్జిగారి భార్యవి. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆవిడ దగ్గర చదువుకోనివాళ్ళు కూడా ఆవిడను టీచరమ్మ అనే అంటారు. ఆవిడా ఒక పుస్తకం రాశారు. దాని పేరు 'పుస్తకం మూసి చూడు'. దేవుడు గ్రంథం కంటే ముందు పుట్టాడు కాబట్టి, ఆయన్ను కలవడానికి గ్రంథం అనుమతి అక్కర్లేదని ఆవిడ అభిప్రాయం. ఈ పుస్తకం సంగతి జడ్జిగారికి తెలియదు. తెలియనివ్వవద్దని టీచరమ్మ చిన్నకోడలి చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశారు.

దానికీ కారణం ఉంది. పెళ్ళయిన రెండో ఏడు దేవుడి విషయంలో ఇద్దరికీ మాటా మాటా పెరిగి, ఆవిడ అక్కగారింటికి వెళ్ళి తొమ్మిది రోజులు ఉండిపోయారు. జడ్జిగారు వెళ్ళి తీసుకొచ్చేటప్పుడు ఒక ఒప్పందం జరిగింది. ఇంట్లో దేవుడి ప్రసక్తి తేకూడదు. జడ్జిగారు దాన్ని కాగితం మీద రాసి ఇద్దరి సంతకాలూ పెట్టించారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో కుళాయి గురించీ, కరెంటు గురించీ, కీళ్ళనొప్పుల గురించీ మాట్లాడుకున్నారు తప్ప దేవుడి మాట ఎత్తలేదు. ఇద్దరూ ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళు పుస్తకాలు రాయడం అందుకేనేమో.

అచ్చాఫీసు ఒకటే, కాగితం ఒకటే, అక్షరాల సైజూ ఒకటే. "ఆయన ఎన్ని పేజీలు రాశారు?" అని టీచరమ్మ ముందే ఆరా తీసి, "నాదీ నూట అరవై ఉండాలి, పేజీ తగ్గడానికి వీల్లేదు," అని పట్టుబట్టారు. కాపీలు మాత్రం వంద చాలన్నారు. అందులో సరి ఫారాలు, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది మాత్రమే ముందురోజు వచ్చాయి. బేసివి ఇంకా మిషను మీద ఉన్నాయట. కలిసిపోతాయన్న భయంతోనే చిన్నకోడలు వాటిని బల్ల కింద పెట్టింది. అంత జాగ్రత్త పడకపోయినా బాగుండేది.

ఎనిమిదీ పదికి జడ్జిగారు ఫోన్ చేశారు. ఉదయం నుంచి అది మూడోసారి. లోపల సిగ్నలు సరిగా అందక చిన్నకోడలు వరండాలోకి వెళ్ళింది. అట్ట మీద 'విశ్రాంత' అన్న మాట తన పేరు కంటే పెద్దగా పడలేదు కదా అని ఆయన సందేహం. లేదని చెప్పి ఒప్పించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

ఆ పన్నెండు నిమిషాల్లో మామగారి చూపు బల్ల కిందికి పోయింది. ఆయనకు దేవుడి గురించి పెద్ద పెద్ద అభిప్రాయాలేమీ లేవు. ఉన్నది ఒక్కటే. దేవుడి మాట ఉన్న కాగితం కాళ్ళ దగ్గర ఉండకూడదు. ఏ దేవుడైనా సరే, ఏ మతమైనా సరే, పొగిడినా తిట్టినా సరే. కట్ట మీది మొదటి పేజీలో 'దేవుడు' అన్న మాట అయిదుసార్లు ఉంది. మామగారి ప్రాణం కొట్టుకుపోయింది. పిల్ల కంగారులో సగం ఫారాలు కింద వదిలేసిందనుకున్నారు. లేచి, కట్టలు విప్పి, నల్లగీతలు చూసుకుంటూ రెండో ఫారాలను రెండో దొంతర మీద, నాలుగో వాటిని నాలుగో దొంతర మీద, అలా అయిదూ పొందిగ్గా పేర్చారు. నలభై అయిదేళ్ళ అనుభవం కదా, అంచు కూడా బయటికి రాలేదు. పేర్చేసి స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ముట్టుకోనని మాటిచ్చారు కాబట్టి ఈ సంగతి చెప్పలేదు.

చిన్నకోడలు వచ్చి పని మొదలుపెట్టింది. అయిదు దొంతరలు కాస్త ఎత్తుగా కనిపించాయి. మడత సరిగా నొక్కలేదనుకుని అరచేత్తో నొక్కింది. వంద కాపీలు ఎత్తింది, వందకి వంద మెట్లు చూసింది. ఒక్క మెట్టు తప్పలేదు. మామగారు స్టూలు మీంచి వంగి చూసి తలూపారు. ఆ తలూపుకు ఆమెకు ఎంత సంతోషమేసిందంటే, కుట్టు మిషను దగ్గర తనలో తనే కూనిరాగం తీసింది. ఒంటిగంటకు జడ్జిగారి కారు వచ్చింది. తొంభై తొమ్మిది కాపీలు కారెక్కాయి. మొదటి కాపీ షాపులో అట్టేపెట్టుకోవడం అలవాటు.

మధ్యాహ్నం రెండో వంద ఎత్తడం మొదలుపెట్టింది. నాలుగున్నరకు పని పూర్తయ్యేసరికి బేసి దొంతరలు అయిదూ ఖాళీ అయ్యాయి. సరి దొంతరలు అయిదూ జానెడు ఎత్తున మిగిలి ఉన్నాయి. చిన్నకోడలు వాటి వంక చూసింది. వంగి బల్ల కింద చూసింది. అక్కడ గోడ ఉంది.

"మామయ్యా, ఇక్కడ కట్టలు ఉండాలి."

"నేల మీద పెట్టావమ్మా. దేవుడి మాటలు కదా. పైన పెట్టాను."

"పైన అంటే?"

"దేని మీద దాన్ని. మెట్లు చూసే పెట్టాలే."

చిన్నకోడలు షాపులో మిగిలిన కాపీ తీసి పదహారో పేజీ తెరిచింది. జడ్జిగారి వాక్యం పేజీ చివర ఇలా ఉంది: 'ఈ విషయంలో నాతో వాదించి నెగ్గగలవాడు ఎవరైనా ఉన్నాడా అంటే, నాకు తెలిసి'. దాని ఎదురుగా పదిహేడో పేజీ ఇలా మొదలయింది: 'వంటింట్లో ఉల్లిపాయలు తరిగేటప్పుడు కనిపిస్తాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుని తలెత్తితే పక్కనే నిలబడి ఉన్నట్టుంటుంది.' ఆ తర్వాత పదహారు పేజీలు టీచరమ్మవి. తర్వాత పదహారు జడ్జిగారివి. చివరిదాకా అదే వరస.

మామగారికి చదివి వినిపించింది. ఆయన నలభై అయిదేళ్ళలో విన్న మొదటి పుస్తకం అదే. 

"నాదేనా ఇదంతా?" అన్నారు.

"అది తర్వాత చూద్దాం మామయ్యా. ముందు పదండి. ఎవరూ తెరవకముందే వెనక్కి తెచ్చేద్దాం."

హాలు మూడు వీధుల అవతల ఉంది. ఇద్దరూ ఒగర్చుకుంటూ చేరేసరికి జనం నిండిపోయారు. జడ్జిగారు పద్ధతి గల మనిషి కాబట్టి ప్రతి కుర్చీలోనూ ఒక కాపీ ముందే పెట్టించారు. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. జనమంతా 'గ్రంథమే సాక్ష్యం'తో విసురుకుంటున్నారు. అదృష్టవశాత్తూ ఎవరికీ దాన్ని తెరవాలని ఇంకా తోచలేదు. ముందు వరసలో టీచరమ్మ కూర్చుని ఉన్నారు, పుస్తకం ఒళ్ళో బోర్లించి.

చిన్నకోడలు వేదిక దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "సార్, జిగురు ఇంకా ఆరలేదు. ఇప్పుడు తెరిస్తే పేజీలు ఊడొస్తాయి. కాపీలు ఇచ్చేస్తే రేపు పొద్దున్నే మళ్ళీ తెచ్చిస్తాను."

"మూడింటికల్లా ఆరుతుందని పొద్దున ఫోన్లో చెప్పావు," అన్నారు జడ్జిగారు. "అన్న మాట అన్నట్టే ఉండాలి కదమ్మా."

 ఆమె అవస్థ చూసి మామగారు ఆగలేకపోయారు. పాపం, సాయం చేద్దామనే. గబగబా వేదికెక్కి, అందరికీ వినిపించేలా ప్రకటించారు. "అయ్యలారా, అమ్మలారా. దేవుడి పుస్తకాన్ని కట్టిన రోజున తెరవకూడదు. అది ఆచారం."

హాల్లో విసురుకోవడం ఆగింది. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏ గ్రంథంలో ఉంది? ఏ అధ్యాయం?"

"గ్రంథంలో లేదండీ. మా బైండింగువాళ్ళలో ఉంది."

"రాతపూర్వకంగా ఉందా?"

"మేం రాయమండీ. కడతాం."

అక్కడితో ఆగిపోవలసిందే. కానీ మూడో వరసలో ఒక రిటైర్డు కాంపౌండరు లేచారు. "నిజమేనండీ. మా తాతగారు కూడా అనేవారు. కట్టిన రోజు తెరిస్తే చదివింది వంటబట్టదని." ఆయన పక్కాయన దానికి శాస్త్రీయ కారణం చెప్పాడు. కొత్త సిరాలో ఉష్ణం ఉంటుందట, ఒక రాత్రి గడిస్తే గానీ దిగదట. వెనక వరసలోంచి ఒకావిడ, ఇవన్నీ మూఢనమ్మకాలనీ, ఇప్పుడే తెరుస్తాననీ అంది. ఆవిడ భర్త తెరవనివ్వలేదు. అయిదు నిమిషాలు తిరిగేసరికి హాలు రెండుగా చీలింది. తెరవకూడదనేవాళ్ళు పుస్తకాలను గుండెలకు హత్తుకున్నారు. తెరవాలనేవాళ్ళు వాళ్ళ అజ్ఞానానికి జాలిపడ్డారు. తెరవవచ్చు గానీ చదవకూడదని నడవ పక్కన మూడో వర్గం ఒకటి తయారైంది. తన నోటి నుంచి వచ్చిన మాట ఇంత మందికి తరతరాలుగా తెలిసి ఉండటం చూసి మామగారు బిత్తరపోయారు.

అధ్యక్షత వహించిన లైబ్రేరియన్‌కు ఈ గొడవ తెగేలా కనిపించలేదు. ఆయన ఆరున్నరకు హాలుకు తాళం వేయాలి. "తెరవకుండా ఆవిష్కరణ ఎలా అవుతుందండీ? మచ్చుకి ఒక పేజీ చదువుతాను," అని మైకు ముందుకు వచ్చి, చేతికందిన చోట తెరిచారు. చేతికందినది పదహారో పేజీ.

"ఈ విషయంలో నాతో వాదించి నెగ్గగలవాడు ఎవరైనా ఉన్నాడా అంటే, నాకు తెలిసి," అని చదివి, ఎదుటి పేజీకి వెళ్ళి, అదే గొంతుతో కొనసాగించారు. "వంటింట్లో ఉల్లిపాయలు తరిగేటప్పుడు కనిపిస్తాడు."

 హాలంతా ముందు వరసలోని టీచరమ్మ వైపు తిరిగి గొల్లుమంది. అంతటి జడ్జిగారు ఇంట్లో ఎవరి చేతిలో ఓడిపోతారో నిండు సభలో, అచ్చులో ఒప్పుకున్నారని వాళ్ళ సంబరం. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అవి తన మాటలని ఆవిడకు తెలిసిపోయింది. జడ్జిగారు మర్యాదకు నవ్వబోయి, సగంలో ఆగిపోయారు.

లైబ్రేరియన్‌కు జీవితంలో మొదటిసారి సభలో నవ్వులు పడ్డాయి. ఉత్సాహంగా ముందుకు తిప్పి ముప్పై రెండో పేజీ అందుకున్నారు. "ఇంత విశ్వాన్ని చేసినవాడు తన తరఫున మాట్లాడటానికి ఒక వకీలును పెట్టుకుంటాడా? ఒకవేళ పెట్టుకుంటే ఆ వకీలు చేయవలసిన మొదటి పని," చూపు ఎదుటి పేజీకి దాటింది, "నోరు మూసుకుని మూలం చదవడం. మళ్ళీ చదవడం. మూడోసారీ చదవడం."

చప్పట్లు మోగాయి. రెండు పక్షాల వాదనలూ ఒకే పుస్తకంలో వినిపించడం జడ్జిగారికే చెల్లిందని ఎవరో అన్నారు. వంటబట్టదని భయపడిన కాంపౌండరు ఈ లోపలే నలభయ్యో పేజీలో ఉన్నారు. గోడకు ఆనుకుని నిలబడిన చిన్నకోడలికి మాత్రం ఆ చప్పట్లు ఒక్కటీ వినబడలేదు. జడ్జిగారు వేదిక మీద ఒక కాపీ తీసుకుని పేజీలు తిప్పుతున్నారు. ఆయన ముఖం చూస్తూంటే, కటింగ్ మిషను ఉన్నచోట ఆమెకు అద్దాలు కనిపించాయి.

జడ్జిగారు లేచారు. హాలు సద్దుమణిగింది.

"దీనిలో సగం నేను రాసింది కాదు," అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, చప్పట్ల కోసమైనా సరే. "ఎవరు రాశారో నాకు తెలియదు. ఎవరివో తెలియని మాటలు నా అట్ట కింద ఉండటానికి వీల్లేదు. దయచేసి కాపీలన్నీ వెనక్కి ఇచ్చేయండి."

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. ఒక్కటి కాదు, తొంభై తొమ్మిది.

కళ్ళు తెరిచేసరికి ఎవరూ కదల్లేదు. తెరవకూడదన్నవాళ్ళూ, తెరవాలన్నవాళ్ళూ, నడవ పక్క మూడో వర్గంవాళ్ళూ, అందరూ పుస్తకాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. లైబ్రేరియన్ తన కాపీని నెమ్మదిగా వీపు వెనక్కి తీసుకుపోయారు.

"సగంలో ఉన్నానండీ. ఆవిడ దానికి ఏమంటుందో చూసి ఇస్తాను," అన్నారు కాంపౌండరు.

"ఆవిడెవరు?" అన్నారు జడ్జిగారు.

టీచరమ్మ లేచి నిలబడ్డారు. "నేనేనండీ. నేనే రాశాను."

జడ్జిగారు చేతిలోని పుస్తకం వంక చూశారు, భార్య వంక చూశారు. "ఆ ఉల్లిపాయలు?"

"మన వంటింట్లోవే."

చిన్నకోడలు ఇక ఉండబట్టలేక ముందుకు వచ్చింది.  "తప్పు మా షాపుదండీ. అమ్మగారి పుస్తకమూ మా దగ్గరే ఉంది. ఫారాలు కలిసిపోయాయి. ఆర్డరు నాది కాబట్టి తప్పు నాది."

"కాదండీ," అన్నారు మామగారు వేదిక మీంచే. "పిల్ల వేరుగానే పెట్టింది. నేల మీద ఉందని నేను ఎత్తి పైన పెట్టాను. ముట్టుకోనని మాటిచ్చి ముట్టుకున్నాను. ఇందాకటి ఆచారం కూడా నా కల్పనే."

ఆ చివరి మాట ఎవరూ వినిపించుకోలేదు.

 జడ్జిగారు పుస్తకం తిప్పుతూ ఒకచోట ఆగి చదివారు, ఇంకోచోట ఆగి చదివారు. తర్వాత భార్యతో, మైకు ఉందన్న సంగతి మరిచి అన్నారు. "నూట ఇరవయ్యో పేజీ. గ్రంథం రాకముందు పుట్టినవాళ్ళకు దేవుడు లేడా అని అడిగావు."

"అడిగాను."

"దీనికి నా దగ్గర జవాబుంది."

"ఉంటుందని తెలుసు. ఇంట్లో చెప్పకూడదు కదా."

జడ్జిగారు నిటారుగా నిలబడ్డారు. ఆయన ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది. "ఒప్పందంలో ఏముందో అక్షరం అక్షరం చూడాలి. 'ఇంట్లో' అని ఉంది. ఇది గ్రంథాలయం."

టీచరమ్మ వేదిక ఎక్కారు. ఎవరో ఇంకో కుర్చీ వేశారు, ఇంకో మైకు తెచ్చారు. తర్వాత గంటన్నర సేపు జరిగినది ఆ హాల్లో ఎప్పుడూ జరగలేదు. ఆయన అధ్యాయం చెబితే ఆవిడ దాని ముందు అధ్యాయం చెప్పారు. గ్రంథం మూసెయ్యమన్న మనిషికి అది కంఠతా వచ్చని తెలిసి ఆయన నివ్వెరపోయారు. ఆవిడ ఒక ప్రశ్న వేస్తే ఆయన జవాబు దొరక్క రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. ఆయన ఒక జవాబు చెబితే ఆవిడ, "ఇది బాగుంది, ఇది నాకు తోచలేదు," అని నిజాయితీగా ఒప్పుకున్నారు. దేవుడి సంగతి తేలలేదు. తేలాలని అక్కడ ఎవరికీ తొందర లేదు. లైబ్రేరియన్ తాళం చెవి జేబులో పడేసి మొదటి వరసలో చోటు చూసుకున్నారు.

"నాతో వాదించే మనిషి లేక రాశాను ఈ పుస్తకం," అన్నారు జడ్జిగారు చివర్లో. 

"నేనూ అందుకే," అన్నారు టీచరమ్మ.

అంతా అయ్యాక జడ్జిగారు ఆఖరి పేజీలు చూసి మళ్ళీ నొసలు ముడిచారు. నూట నలభై నాలుగో పేజీ చివర ఆయన మాట, 'గ్రంథం చెప్పిందే సత్యం. ఇందులో సందేహం ఉన్నవారు'. నూట నలభై అయిదో పేజీ మొదట్లో ఆవిడ మాట, 'నా దగ్గరికి వచ్చి కూర్చోండి. నాకూ చాలా ఉన్నాయి'. పదో ఫారం సరి ఫారం. అది టీచరమ్మది.

"అంటే ఆఖరి మాట నీదా?" అన్నారు జడ్జిగారు. ఇంతసేపూ పట్టని కోపం అప్పుడు పట్టింది.

చిన్నకోడలు ఈ లెక్క నడవలో నిలబడే వేసుకుంది. "సార్, మీ సరి ఫారాలు వంద షాపులో మిగిలి ఉన్నాయి. అమ్మగారి బేసి ఫారాలు రేపు వస్తాయి. వాటినీ వీటినీ కలిపి ఇంకో వంద కుడతాను. దాంట్లో అమ్మగారు మొదలుపెడతారు, మీరు ముగిస్తారు. అట్ట అమ్మగారిది వేద్దాం. ఒక్క ఫారం కూడా వృథా కాదు. మీ పుస్తకం మీరు రాసినట్టే కావాలంటే అదీ వంద ఉంది, పొద్దున కుట్టేస్తాను."

జడ్జిగారు ఆమెను, మంచి పాయింటు లేవదీసిన కుర్ర వకీలును చూసినట్టు చూశారు. "అమ్మాయి చెప్పింది బాగుంది. అలాగే చెయ్యి," అన్నారు. టీచరమ్మ తల పంకించారు. వెనక వరసలోంచి, ఆ రెండో రకం తమకూ ఒక్కోటి కావాలని కేకలు వచ్చాయి.

హాలు బయట మెట్ల మీద మామగారు జేబులోంచి షాపు తాళాలు తీశారు. "తొంభై తొమ్మిది ఇచ్చాం. వెనక్కి ఇమ్మని రాసినాయనే అడిగినా ఒక్కడూ ఇవ్వలేదు," అన్నారు. తాళాలు ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశారు. "నా తప్పుకి నువ్వు ముందు నిలబడ్డావమ్మా. షాపు మొయ్యడమంటే అదే. నీకు పరీక్ష పెట్టి నేను తప్పాను." చిన్నకోడలికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆ సాయంత్రమే మామగారు పెద్దకొడుక్కి ఫోన్ చేసి, జిమ్ముకు వేరే చోటు చూసుకోమన్నారు. భోజనమయ్యాక షాపు కాపీ తెచ్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ తెరిచారు.

తర్వాత పని వెల్లువెత్తింది. షాపు బోర్డు మీద చిన్నకోడలు పేరు రాసిన రోజున ఒక రిటైర్డు తాసిల్దారుగారు కొత్త ఆర్డరు పట్టుకొచ్చారు. ఆయన ప్రార్థనల మీద పుస్తకం రాశారట. ప్రతి కాపీ చుట్టూ ఒక కాగితం పట్టీ అతికించి, పొరపాటున కూడా మొదటి రోజు తెరుచుకోకుండా చేయాలన్నారు.

"ఎందుకండీ?" అంది చిన్నకోడలు.

"ఎందుకంటావేమ్మా. బైండింగు చేసేదానివి, నీకు తెలియదా? దేవుడి పుస్తకాన్ని కట్టిన రోజు తెరవకూడదు. మా వంశంలో నాలుగు తరాలుగా పాటిస్తున్నాం."

స్టూలు మీద కూర్చున్న మామగారు పైకప్పు వంక చూశారు. చిన్నకోడలు ముఖం కదలకుండా ఆర్డరు పుస్తకంలో 'కాగితం పట్టీ' అని రాసుకుంది.

ఆ ఆచారం పుట్టి అప్పటికి పదకొండు రోజులు.